ఆ రాత్రి పేగును ఎందుకు అతకలేదు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము చెన్నైలో పెరంబూరులో ఉంటాం. మా నాన్నగారికి 69 ఏళ్లు. అమ్మతో కలిసి నాయుడుపేటలో ఉంటారు. కిందటి నెలలో ఆయనకు నాలుగు రోజులు విరేచనం కాలేదు. మూడో రోజు నుంచి గాలి కూడా పోలేదు. అక్కడి ఆర్‌ఎంపీ గారు రెండుసార్లు విరేచనాల మందు ఇచ్చారు. కడుపు ఉబ్బిపోయి వాంతులు మొదలయ్యాక ఆంబులెన్సులో చెన్నై తెచ్చుకున్నాం. పెద్దపేగులో ఎడమవైపు క్యాన్సర్ గడ్డ అడ్డుపడిందని సీటీ స్కాన్‌లో తేలింది. రాత్రి రెండు గంటలకు ఆపరేషన్ చేశారు. అంతకుముందు సర్జన్ గారు మూడు నాలుగు పద్ధతులు చెప్పి, పొట్ట తెరిచి చూశాకే ఏది చేయాలో నిర్ణయిస్తామన్నారు. నేను సంతకం పెట్టాను. గడ్డ ఉన్న ముక్క తీసేసి, పై కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టారు. కింది కొసను కుట్టి లోపలే వదిలేశారు. దీన్ని హార్ట్‌మన్ ఆపరేషన్ అంటారట. హైదరాబాదు నుంచి వచ్చిన మా అన్నయ్య, స్టెంటు వేయించి ఉంటే సరిపోయేదని, వెంటనే అతికితేనే మేలని విదేశాల్లో తేల్చారని, నేను తొందరపడి సంతకం పెట్టానని అంటున్నాడు. నాన్నగారు ఆ సంచి వైపు చూడటం లేదు, అన్నం తగ్గించేశారు. నేను తప్పు చేశానా? పేగు మళ్లీ కలుపుతారా? కలిపితే ఎప్పుడు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్నీ, దానికి జతచేసిన డిశ్చార్జి సమ్మరీనీ రెండుసార్లు చదివాను. మీరు తప్పు చేయలేదు. మీ నాన్నగారిని తాకి చూసిన వైద్యుణ్ని నేను కాను కాబట్టి ఆయన విషయంలో తుది మాట ఆయన సర్జన్‌దే. అయితే ఆ కాగితాల్లో ఉన్న అంకెలను బట్టి, ఆ రాత్రి ఆ బల్ల దగ్గర నేను నిలబడి ఉన్నా అదే ఆపరేషన్ చేసేవాణ్నని మాత్రం నమ్మకంగా చెప్పగలను. ఎందుకో వివరంగా రాస్తాను. మీ అన్నయ్యగారికి కూడా చదివి వినిపించండి. ఆయన అడిగినవి అడగవలసిన ప్రశ్నలే.

ముందు ఆ అంకెలు చూడండి. ఆపరేషన్ గదికి తీసుకెళ్లేటప్పుడు మీ నాన్నగారి బీపీ 84/50, నాడి నిమిషానికి 126, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 2.4 (ఎక్కువే). బీపీని నిలబెట్టడానికి నారడ్రినలిన్ డ్రిప్పు నడుస్తోంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను 2.6 (తక్కువే). పెద్దపేగు మొదలయ్యే చోట, కుడివైపు పొత్తికడుపులో ఉండే సీకం అనే భాగం 11 సెంటీమీటర్ల వెడల్పుకు ఉబ్బింది. అక్కడ చేత్తో నొక్కితే నొప్పి ఉందని కూడా రాశారు. గడ్డ ఎడమవైపు ఉంటే నొప్పి కుడివైపు ఎందుకన్న సందేహం రావచ్చు. పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవున్న గొట్టం. చివర దారి మూసుకుపోయి, మొదట్లో చిన్నపేగు కలిసే చోట ఉన్న కవాటం వెనక్కి వదలకపోతే, మధ్యలో చిక్కిన గాలీ మలమూ ఎటూ పోలేవు. అప్పుడు గొట్టంలో అన్నిటికన్నా వెడల్పైన చోటే గోడ మీద లాగుడు ఎక్కువవుతుంది, పగిలేదీ అక్కడే. అందుకే సీకం 12 సెంటీమీటర్లకు చేరుతోందంటే, దాని మీద నొక్కితే నొప్పి కూడా ఉంటే, ఇక తెల్లవారేదాకా ఆగడం ప్రమాదమని మేము భావిస్తాం. మీరు సంతకం పెట్టడంలో తొందర ఉందని అన్నయ్యగారు అన్నారు. ఆ గంటలో తొందరే కావలసింది.

ఇప్పుడు అతుకు సంగతికి వస్తాను. పేగును కోసి రెండు కొసలు కలిపి కుట్టడం, లేదా స్టేప్లర్‌తో కలపడం, చేతిపనిగా చూస్తే అంత కష్టమైనది కాదు. ఆ అతుకు మానాలంటే మూడు కావాలి: రెండు కొసలకూ మంచి రక్తప్రసారం, గోడలో వాపు లేకపోవడం, అతుకు మీద లాగుడు లేకపోవడం. నాలుగు రోజులు దారి మూసుకుపోయిన పేగులో, అడ్డుకు పైన ఉన్న భాగం మణికట్టంత లావున ఉబ్బి, గోడ నీరుపట్టి ఉంటుంది. కింది భాగం ఖాళీగా బొటనవేలంత ముడుచుకుని ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి కుట్టడం నానిన అప్పడానికి కుట్టు వేసినట్టే. దానికి తోడు, బీపీ పడిపోయినప్పుడు శరీరం పేగులకు వెళ్లే రక్తాన్ని తగ్గించి గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది. నారడ్రినలిన్ కూడా రక్తనాళాలను బిగించే మందే. అంటే అతుకు మానడానికి ఏ రక్తం కావాలో ఆ రక్తమే అక్కడికి సరిగా చేరని సమయం అది.

అలాంటి అతుకు విడిపోతే ఆ రాత్రే తెలియదు. తరచుగా అయిదో రోజు నుంచి ఏడో రోజు మధ్య బయటపడుతుంది. నేను పనిలో చేరిన తొలి సంవత్సరాల్లో, ఇంచుమించు ఇదే పరిస్థితిలో వచ్చిన ఒక పెద్దావిడకు, సంచి వద్దని పిల్లలు కాళ్లావేళ్లా పడితే, పెద్ద డాక్టరు గారు వద్దని సూచిస్తున్నా వినక పేగు అతికాను. అయిదు రోజులు అందరం సంతోషించాం. ఆరో రోజు ఉదయం రౌండ్స్‌లో ఆమె నాడి 130, ముఖమంతా చెమట, పొట్టలోని గొట్టంలో మలం రంగు నీళ్లు. మళ్లీ పొట్ట తెరిచి, అతుకు విడదీసి, మొదటి రాత్రి పెట్టవలసిన సంచిని ఆ రోజు పెట్టాను. ఆమె మూడు వారాలు ఐసీయూలో ఉండి బతికి బయటపడింది గానీ, ఆ మూడు వారాలూ నేను ఆమె పిల్లల ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి, ఎవరు ఎంత బతిమాలినా, అతుకు వేసే ముందు ఒకసారి తల తిప్పి మత్తు డాక్టరు దగ్గరున్న మానిటరు చూసుకోవడం నాకు అలవాటైంది.

మీ సర్జన్ గారు చెప్పిన మూడు నాలుగు పద్ధతులేమిటో అప్పుడు మీ బుర్రకు ఎక్కి ఉండకపోవచ్చు. అర్ధరాత్రి ఎవరికీ ఎక్కదు. గడ్డ పెద్దపేగు కుడిభాగంలో ఉంటే విషయం కొంత తేలిక. ఆ భాగం తీసేసి చిన్నపేగును మిగిలిన పెద్దపేగుకు ఒకేసారి కలపడం అత్యవసరంలోనూ తరచుగా సాధ్యమవుతుంది. ఎడమవైపు అయితేనే ఇంత ఆలోచన. గడ్డ ముక్క తీసి వెంటనే అతకడం ఒక మార్గం. అలా అతికి, అది మానేదాకా మలం అటు వెళ్లకుండా పైన చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి తాత్కాలికంగా సంచి పెట్టడం ఇంకొకటి. దాన్ని ఇలియాస్టమీ అంటారు. పై పేగంతా దెబ్బతిని ఉంటే, సీకం చిరిగితే, లేదా ఇంకో చోట కూడా గడ్డ కనిపిస్తే, పెద్దపేగును దాదాపు మొత్తం తీసేసి చిన్నపేగును నేరుగా పురీషనాళానికి కలుపుతారు. బ్రిటన్‌లో 91 మంది రోగుల మీద జరిపి 1995లో ప్రచురించిన స్కోషియా పరీక్షలో ఈ పద్ధతినీ, బల్ల మీదే పేగు కడిగి గడ్డ ముక్క మాత్రం తీసి అతికే పద్ధతినీ పోల్చి చూశారు. దాదాపు మొత్తం తీసేసిన వారిలో రోజుకు మూడు నాలుగుసార్లు, ఆ పైన కూడా విరేచనాలకు వెళ్లవలసి వచ్చినవారు ఎక్కువగా తేలారు. 69 ఏళ్ల మనిషికి, రాత్రిపూట లేచి నడవడమే కష్టమైన దశలో, అది చిన్న విషయం కాదు. మీ నాన్నగారి సీకం ఉబ్బింది గానీ చిరగలేదని సమ్మరీలో ఉంది కాబట్టి దాన్ని కాపాడి ఉంచారు, మంచి పని చేశారు. రోగి బొత్తిగా తట్టుకోలేని స్థితిలో ఉంటే గడ్డను అలాగే వదిలి, పైన పేగు బయటికి తెచ్చి దారి ఇచ్చి, తరువాత తీరికగా గడ్డ తీసే పాత పద్ధతి కూడా ఉంది. పేగు మెలికపడి మూసుకుపోవడం వేరే జబ్బు. అందులో పేగు చచ్చుపడకపోతే ముందు ఎండోస్కోపుతో మెలిక విప్పి, అదే అడ్మిషన్‌లో నిదానంగా ఆపరేషన్ చేయవచ్చు.

హార్ట్‌మన్ అన్నది మనిషి పేరు. ఆన్రీ హార్ట్‌మన్ అనే ఫ్రెంచి సర్జన్ 1921లో ఈ పద్ధతిని వివరించారు. అతుకు విడిపోయి రోగులు చనిపోవడం చూసి, అసలు అతుకే లేకపోతే విడిపోయేది ఏముంటుందన్న ఆలోచనతో పుట్టిన ఆపరేషన్ ఇది. నూరేళ్లు దాటినా సర్జన్లు దాన్ని వదలకపోవడానికి కారణం అంత సూటిగా ఉండటమే. జబ్బు ముక్క బయటికి వస్తుంది, త్వరగా ముగుస్తుంది, లోపల విడిపోవడానికి పేగుల మధ్య అతుకు ఉండదు.

స్టెంటు గురించి అన్నయ్యగారు చెప్పినదానిలో నిజం ఉంది. ఎడమవైపు గడ్డ అడ్డుపడినప్పుడు ఎండోస్కోపుతో లోహపు జాలీ గొట్టాన్ని గడ్డ మధ్యలోంచి దూర్చి విప్పితే, దారి ఏర్పడి పేగు ఖాళీ అవుతుంది. సుమారు రెండు వారాల తరువాత, రోగి కోలుకున్నాక, ఆపరేషన్ చేసి ఒకేసారి అతకవచ్చు. నయం చేయగలిగిన క్యాన్సర్‌లో దీన్ని మామూలు పద్ధతిగా వాడవద్దని 2014లో సూచించిన యూరప్ ఎండోస్కోపీ వైద్యుల సంఘమే, 2020లో ఆ మాట సడలించి, రోగితో చర్చించి ఎంచుకోదగిన మార్గాల్లో ఒకటిగా దాన్ని పేర్కొంది. అయితే స్టెంటుకు షరతులున్నాయి. పేగు పగిలిన లక్షణాలు గానీ, పగలబోతున్న లక్షణాలు గానీ ఉండకూడదు. ఆ పని బాగా చేయి తిరిగిన వారు ఆ వేళకు అందుబాటులో ఉండాలి. వేసేటప్పుడు గడ్డ దగ్గర పేగు చిల్లు పడితే, క్యాన్సర్ కణాలు పొట్టలోకి చిందే ప్రమాదం కూడా ఉంది. కుడివైపు నొప్పి, 11 సెంటీమీటర్ల సీకం, పడిపోయిన బీపీ ఉన్న మీ నాన్నగారికి స్టెంటు వేయబోతే, పోయే ఆ రెండు మూడు గంటల్లో సీకం పగిలేదేమో. రెండు రోజులు ముందు వచ్చి ఉంటే ఈ చర్చ వేరుగా ఉండేది. అది మీ చేతిలో లేని విషయం.

విదేశాల్లో తేల్చారన్నది బహుశా నెదర్లాండ్స్, బెల్జియం, ఇటలీ ఆసుపత్రుల్లో జరిపి 2019లో ప్రచురించిన పరీక్ష గురించి అయి ఉండాలి. వెంటనే అతికిన వారిలో ఏడాది తిరిగేసరికి నూటికి 95 మంది సంచి లేకుండా బతికి ఉన్నారు. హార్ట్‌మన్ చేసిన వారిలో నూటికి 72 మందే అలా ఉన్నారు. గట్టి పరీక్షే, నేనూ దాన్ని చదివి నా పద్ధతి కొంత మార్చుకున్నాను. అయితే అందులో చేర్చుకున్నది పెద్దపేగు గోడలో ఏర్పడే చిన్న తిత్తులు వాచి పగిలిన రోగులను. అడ్డుపడిన క్యాన్సర్ రోగులను కాదు. అంతకన్నా ముఖ్యంగా, బీపీ నిలకడగా ఉన్నవారినే చేర్చుకున్నారు. మీ నాన్నగారు ఆ రాత్రి అక్కడ ఉండి ఉంటే ఆ పరీక్షలోకే తీసుకునేవారు కాదు. ఏ పేగును అతకవచ్చు అన్నదానికన్నా ఏ మనిషికి అతకవచ్చు అన్నదే ఈ ఆపరేషన్లలో పెద్ద ప్రశ్న.

మళ్లీ కలుపుతారా అన్న మీ ప్రశ్నకు దాచకుండా జవాబు చెప్పాలి. కలపవచ్చు. చాలామందికి కలుపుతారు కూడా. కానీ హార్ట్‌మన్ తరువాత పేగు మళ్లీ కలపడం చిన్న పని కాదు. మళ్లీ పొట్టలోకి వెళ్లి, అతుక్కుపోయిన పేగుల మధ్య కింది కొసను వెతికి పట్టుకుని కలపాలి. అందుకే వయసు వల్లనో, గుండె జబ్బు వల్లనో, క్యాన్సర్ ముదరడం వల్లనో, సుమారు మూడో వంతు నుంచి సగం మంది దాకా ఎప్పటికీ కలిపించుకోరు. మీ నాన్నగారు ఏ వైపు ఉంటారన్నది రాబోయే కొన్ని నెలల మీద ఆధారపడుతుంది. ముందు బయాప్సీ రిపోర్టు పూర్తిగా తెచ్చుకోండి. అందులో ఎన్ని లింఫు గ్రంథులు పరీక్షించారో, వాటిలో ఎన్నింటిలో జబ్బు ఉందో చూడండి. కనీసం 12 గ్రంథులు పరీక్షిస్తేనే దశ నిర్ణయం నమ్మదగ్గదిగా ఉంటుంది. గ్రంథుల్లో జబ్బు ఉంటే కీమోథెరపీ సలహా ఇస్తారు. దాన్ని ఆపరేషన్ అయిన ఎనిమిది వారాల్లోపు మొదలుపెట్టడం మంచిది. అలాంటప్పుడు సాధారణంగా కీమో ముగిశాకే పేగు కలుపుతారు. కీమో అవసరం లేకపోతే, వాపు తగ్గి, ఒకదానికొకటి అతుక్కుపోయిన పేగులు మెత్తబడటానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగుతారు. రెండో అభిప్రాయం కావాలనుకుంటే, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో ప్రారంభించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మీ ఊళ్లోనే ఉంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి కూడా మీకు దగ్గరే. బయాప్సీ రిపోర్టు, సీటీ సీడీ, ఆపరేషన్ నోట్సు మూడూ పట్టుకెళ్లండి.

కలపడానికి ముందు జరగవలసిన ఇంకో పరీక్షను చాలామంది మరిచిపోతున్నారు. అత్యవసరంగా ఆపరేషన్ చేసినప్పుడు మిగిలిన పెద్దపేగును లోపలి నుంచి చూసే వీలుండదు. కాబట్టి మూడు నుంచి ఆరు నెలల లోపు, సంచి దారి గుండానూ, కింద మలద్వారం గుండానూ కొలనోస్కోపీ చేయించి, ఇంకో చోట గడ్డ గానీ పిలక (పాలిప్) గానీ లేదని నిర్ధారించుకోవాలి. ఆ మాట సర్జన్ గారు ఎత్తకపోతే మీరే ఎత్తండి.

ఇక మీ నాన్నగారు అన్నం తగ్గించడం నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. ఆల్బుమిన్ 2.6 ఉన్న మనిషి తినకపోతే గాయం మానదు, కీమో తట్టుకోలేరు, పేగు కలిపే రోజు వెనక్కి పోతుంది. తింటే సంచి నిండుతుందన్న భయంతో తగ్గించి ఉంటారు. గుడ్డు, పెరుగు, మెత్తగా ఉడికిన పప్పు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. ఎడమవైపు పెద్దపేగు నుంచి తెచ్చిన సంచి కాబట్టి మలం చాలావరకు గట్టిగానే వస్తుంది. రోజుకు ఒకటి రెండుసార్లు ఖాళీ చేస్తే సరిపోవచ్చు.

ఆయన ఆ వైపు చూడనంటే బలవంతం చేయకండి, కానీ మీరు మార్చేటప్పుడు గది తలుపు వేసి ఆయన చేత పాత సంచి పట్టించండి. ఎర్రగా, తడిగా, నోటి లోపలి చర్మంలా కనిపించే ఆ పేగు కొసకు నొప్పి తెలిసే నరాలు లేవు. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం వస్తే భయపడనక్కరలేదు. అది నల్లబడినా, వంగపండు రంగుకు తిరిగినా మాత్రం అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి. సంచిని చర్మానికి అంటించే పలక రంధ్రాన్ని పేగు కొస కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. ఎక్కువ వదిలితే మలం చర్మానికి తగిలి పుండు పడుతుంది. మొదటి ఆరు ఎనిమిది వారాల్లో ఆ కొస చిన్నదవుతూ ఉంటుంది. కాబట్టి ఆసుపత్రిలో ఇచ్చిన కొలతనే నమ్ముకోకుండా వారం వారం కొలవండి. మామూలు నీళ్లతో కడిగి మెత్తని బట్టతో పొడిగా అద్దండి. డెట్టాలు వద్దు. కొబ్బరినూనె రాస్తే పలక అంటుకోదు. మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తే బరువుకు ఊడదు. ఆయన లుంగీ కడతారని రాశారు. ముడి పేగు కొస మీద పడుతుంటే రెండంగుళాలు పైకి కట్టమనండి, లేదా కొన్నాళ్లు వదులు నాడా పైజామా వేయించండి.

ఇంకో విషయం మీకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. కింది కొస కుట్టి మూసేసినా, పురీషనాళం దాని మానాన అది జిగురు తయారు చేస్తూనే ఉంటుంది. కొన్నిసార్లు ఆయనకు మామూలుగా విరేచనం వస్తున్నట్టే అనిపించి, తెల్లని జిగురు పడవచ్చు. సంచి ఉండగా కింద నుంచి ఇదేమిటని ఎందరో కంగారుగా పరుగెత్తుకుని వస్తారు. అది సహజమే. రక్తం గానీ, చీము గానీ, దానితో పాటు జ్వరం గానీ వస్తే మాత్రం చూపించండి.

నాయుడుపేట ఆర్‌ఎంపీ గారి మీద మీరు కోపం రాయలేదు. కానీ ఆ మాట ఇతర పాఠకుల కోసమైనా చెప్పాలి. విరేచనం ఒక్కటే ఆగితే మలబద్ధకం కావచ్చు. గాలి కూడా పోకుండా కడుపు ఉబ్బుతుంటే దారి మూసుకుపోయిందని అనుమానించాలి. అప్పుడు విరేచనాల మందు ఇవ్వకూడదు. మూసిన గొట్టంలో ఇంకా నీళ్లు నింపి తోసినట్టవుతుంది. అలాంటి మనిషికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, ఆ రోజే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

చివరగా మీ ఇద్దరి గురించి. తండ్రికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చినప్పుడు పిల్లలు 40 ఏళ్ల నుంచి, లేదా తండ్రికి జబ్బు బయటపడిన వయసు కన్నా పదేళ్ల ముందు నుంచి, ఏది ముందైతే అప్పటి నుంచి కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆ గడ్డ ముక్క మీద ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని కూడా అడగండి. జబ్బు వంశంలో వచ్చే రకమేమో దాన్ని బట్టి తెలుస్తుంది, ఆ రకమైతే ఇంకా చిన్న వయసు నుంచే పరీక్షలు మొదలుపెట్టాలి. అన్నయ్యగారికి 43 ఏళ్లని రాశారు. ఆయన హైదరాబాదు తిరుగు రైలెక్కేలోపే ఆ పరీక్షకు తేదీ తీసుకోమనండి. మీకు 40 నిండగానే మీరూ తీసుకోండి.